నాదమునకు లాకుతలుపు



ఈ సాయంకాలము నేను పురాణము చెప్పబోవుట లేదు, పద్యము చదువబోవుట లేదు. తాంబూలపు పెట్టెయంతటి యొక చిన్న యంత్రమును గూర్చియు, దాని ముఖమున నమర్చిన యొక తిరుగుడు మీటను గూర్చియు చెప్పబోవుచున్నాను. ముప్పదియేండ్లకు పైగా బడులలో సంధులును సమాసములును చెప్పి యిల్లు చేరిన తెలుగు పండితునకు విద్యుద్యంత్రములతో నేమి పని యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నా మనుమడును మొదట నవ్వెను.

వాడు రాజమహేంద్రవరముననే పాలిటెక్నిక్కులో ఎలక్ట్రానిక్సు చదువుచున్నాడు. పుస్తకము కంటె సోల్డరింగు కడ్డీ మీదనే వానికి ప్రీతి యెక్కువ. గత వేసవిలో వాడు ఇంట కూర్చుండి సింథసైజరు అనెడి స్వరయంత్రమును కట్ట నారంభించెను. తీగ మీటనక్కర లేకయే, తిత్తి నూదనక్కర లేకయే, విద్యుత్తు యొక్క కంపనము చేతనే స్వరమును పుట్టించు యంత్రమిది. అమెరికాలో రాబర్టు మూగ్ అను నాయన 1964లో ఇట్టి దానిని నిర్మించి ప్రసిద్ధికెక్కెను. 1969లో ఆయన యంత్రమొకటి మన దేశమునకే వచ్చి అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైనులో నెలకొన్నది. డేవిడ్ ట్యూడర్ అను సంగీతజ్ఞుడు దానిని అచ్చట అమర్చెను. ఆ కాలపు యంత్రములు బీరువాల వలె నుండెడివి. మా వాని పెట్టెలో 40106 అను అంకె గల చిప్పు ఒకటి యున్నది. దాని లోపల ఆరు చిన్న ద్వారములు గలవు. ఒక్కొక్క ద్వారమునకు ఒక రెసిస్టరును ఒక కెపాసిటరును తగిలించినచో, ఆ కెపాసిటరు నిండుచు, ఖాళీ యగుచు, సెకనుకు ఇన్ని మారులని కొట్టుకొనుచుండును. ఆ కొట్టుకొనుటయే స్వరము. రెండు ద్వారములను షడ్జమునకును, ఒక దానిని పంచమమునకును శ్రుతి చేసి, అందలి గరుకును వడపోసినచో, తంబురా కాకున్నను తంబురాకు దూరపు చుట్టమని చెప్పదగిన యాధారశ్రుతి వినవచ్చును.

ఇంతవరకు నా ప్రసక్తి లేదు. పిమ్మట వాడు ఆ పెట్టెకు ఒక చెవి పెట్టదలచెను. అనగా మైకు తీగను దానిలోనికి తెచ్చి, పాడువారి గొంతు ఎంత బలముగా నున్నదో పెట్టెయే కొలిచి, ఆ కొలతను బట్టి శ్రుతిని పెంచుచు తగ్గించుచు నుండునట్లు చేయదలచెను. గొంతు పెరిగిన శ్రుతి పెరుగవలెను. గొంతు సన్నగిల్లిన శ్రుతి వెనుకకు తగ్గవలెను. ఇది యంతయు మా అక్కయ్య కొరకు. ఆమెకు ఇప్పుడు ఎనుబది రెండేండ్లు. మా అమ్మ నేర్పిన పెండ్లిపాటలు, మేలుకొలుపులు, మంగళహారతులు ఆమెకు నోటికి వచ్చును. వానిలో పెక్కింటిని నేను ఏ పుస్తకమునను చూడలేదు. తంబురా పట్టుటకు ఆమె వ్రేళ్లు వంగవు. ప్రక్కన కూర్చుండి శ్రుతి పట్టెడి తోడికోడండ్రు లేరు. ఆ గొంతును ఇప్పుడు పదిలపరుపకున్నచో మరి పదిలపరుపలేము.

ఇట్టి పనిలో నేను ఒకసారి చేయి కాల్చుకొన్నవాడను. 1985వ సంవత్సరమున మా గురువుగారు మా యూరి రామాలయములో పదునైదు దినములు భారతము పురాణము చెప్పిరి. నేనొక టేపురికార్డరు అరువు తెచ్చి కడపటి మూడు రాత్రులు వారి మాటను పట్టితిని. ఆ యంత్రము మీద ఒక ముల్లును, ఒక మీటయు నున్నవి. ముల్లు ఎర్రగడిలోనికి పోరాదని ఇచ్చినవాడు చెప్పియే యిచ్చెను. నేను వినలేదు. వెనుక వరుసలోని ముసలివారికి కూడ రేపు బాగుగా వినబడవలెనని మీటను తుదివరకు త్రిప్పి, ఆ ముల్లు ఎర్రగడిలోనే యుండిపోగా చూచి సంతోషించితిని. రెండేండ్లకు గురువుగారు గతించిరి. ఆ టేపులో వారు వచనము చెప్పుచున్నంతసేపు ప్రతి యక్షరము స్పష్టముగా నున్నది. గొంతెత్తి పద్యమందుకొన్న చోటనెల్ల చిరిగిన గుడ్డ చప్పుడు. ద్రౌపది సభలో నిలిచి ప్రశ్నించు ఘట్టము మొత్తము అట్లే యున్నది.

మా మనుమడు దానిని కంప్యూటరులోనికి ఎక్కించి రెండు దినములు పెనగులాడెను. తెరమీద ఆ ధ్వని యొక్క రూపమును నాకు చూపెను. కొండల వలె లేచి పడవలసిన గీతలు, శిఖరములు నరికి వేసిన మట్టిదిబ్బల వలె చదునుగా నున్నవి. "తాతగారూ, పైముక్క కోసేసి ఉంది. కోసిన ముక్క ఎక్కడా లేదు. ఉన్నదాన్ని తగ్గించగలను గానీ, లేనిదాన్ని ఎక్కడినుంచి తేను?" అనెను. తెగిన భాగమును ఊహించి పూరించు సాధనములు ఇప్పుడు కలవు. వానిని కూడ ప్రయోగించి చూచితిమి. కొంత మెత్తబడినది. కాని ఆ పూరించినది యంత్రము యొక్క యూహ; గురువుగారి గొంతు కాదు.

కనుకనే మా వాడు పెట్టెకు చెవి పెట్టెదనన్నప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, "గొంతును తగ్గించే మీట ఎక్కడ పెడతావురా?" అని. "చివర, స్పీకరు ముందు పెడతాను, రేడియోకి ఉన్నట్టే" అని వాడు బదులు చెప్పెను. అప్పుడు వానిని స్కూటరు మీద ఎక్కించుకొని ధవళేశ్వరము తీసికొని పోయితిని. దారిలో పెసరట్టు తిను మిష యొకటి చెప్పితినిగాని, నా యుద్దేశము వేరు.

మీకు ధవళేశ్వరమును గూర్చి చెప్పుట దేవుని గూర్చి పూజారికి చెప్పుట వంటిది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు పాయలకు అడ్డముగా కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట ముగించెను. పిదప దాని స్థానమున బారేజి వచ్చినది. కాలువ మొదట హెడ్డు స్లూయిజు తలుపు లున్నవి. వరద వచ్చినప్పుడు లస్కర్లు ఎక్కడి తలుపులు దింపుదురు? కాలువ మొదట. శివారున దింపుదురా? శివారు తూము మూసినంతమాత్రమున, నడుమ పొంగి గండి పడిన గట్టు బాగుపడునా? మా వాడు ఆ తలుపులను కొంతసేపు చూచి, "అర్థమైంది తాతగారూ, మొదటి ఆంప్లిఫయరే కాలువ గట్టు" అనెను. పిమ్మట పెసరట్టు తింటిమి.

ఇక లెక్కకు వచ్చెదను. ఇక్కడ కొంచెము ఓపిక పట్టుడు. మీరు పొలము నీటి లెక్క, వడ్డీ లెక్క నోటిమీద చేయువారు గనుక ఇది కష్టము కాదు.

పెట్టెకు తొమ్మిది వోల్టుల బ్యాటరీ. ఆ తొమ్మిదింటి నడుమ, నాలుగున్నర వద్ద, సమానమైన రెండు రెసిస్టర్లతో ఒక నడిమి గీత కల్పింతురు. గొంతు అచ్చట ఉయ్యాల వలె పైకిని క్రిందికిని ఊగవలెను. మేము వాడిన చిప్పు టి.ఎల్. 072. అది పైకప్పు వరకును నేల వరకును పోలేదు. ఇరువైపుల ఒకటిన్నర వోల్టు విడిచిపెట్టును. కావున ఉయ్యాల నడిమి గీత నుండి మూడు వోల్టులు పైకి, మూడు వోల్టులు క్రిందికి మాత్రమే ఊగగలదు. అంతకు మించిన దానిని చిప్పు కోసివేయును. మా గురువుగారి పద్యమును ఆ టేపురికార్డరు కోసినట్లే.

మైకు నుండి వచ్చునది మిక్కిలి చిన్నది. అక్కయ్య మెల్లగా పాడిన ఒకటి రెండు మిల్లీవోల్టులు. అనగా వోల్టులో వేయింట ఒకటి రెండు వంతులు. మైకునకు దగ్గరగా గొంతెత్తిన ముప్పది మిల్లీవోల్టుల వరకు పోవుచుండెను. మా వాడు మొదట వ్రాసికొన్న పటములో మొదటి ఆంప్లిఫయరు ఎల్లప్పుడును రెండువందల రెట్లు పెంచును. తగ్గించు మీట దాని వెనుక. ముప్పదిని రెండువందల చేత గుణించిన ఆరువేల మిల్లీవోల్టులు, అనగా ఆరు వోల్టులు. పైకప్పు మూడు. సగము మొదటి చోటనే తెగును. ఆ పిదప మీటను ఎంత తగ్గించినను తెగిన గొంతే మెల్లగా వినబడును.

అట్లయిన మీటను ఆంప్లిఫయరునకు ముందే పెట్టిన సరిపోవునా? అదియు చేసి చూచితిమి. తెగుట పోయినది గాని, మరియొక పీడ పట్టుకొన్నది. ప్రతి ఆంప్లిఫయరునకును స్వభావసిద్ధమైన సన్నని బుస యొకటి యుండును. గొంతును ముందే సన్నము చేసి, పిదప రెండువందల రెట్లు పెంచినచో, గొంతు తగ్గును గాని బుస తగ్గదు. అక్కయ్య మేలుకొలుపు పాడుచుండగా వెనుక వంటింటిలో పోపు వేయుచున్నట్లు వినబడెను. ఎక్కువ యొక్కటే దోషమని నేను అంతవరకు అనుకొనుచుంటిని. మన పాణినీయశిక్షలో అధమపాఠకులు ఆరుగురిలో అల్పకంఠుని కూడ లెక్కించిన సంగతి అప్పుడు గుర్తునకు వచ్చినది.

మూడవ యుపాయము మా వానిదే, నాది కాదు. మీటను ముందును పెట్టక, వెనుకను పెట్టక, ఆంప్లిఫయరు ఎన్ని రెట్లు పెంచవలెనో దానినే మార్చునట్లు, దాని లోని మడవలోనే పెట్టెను. ఈ తరహా ఆంప్లిఫయరులో రెండు రెసిస్టర్లుండును. పెద్దదానిని చిన్నదానిచే భాగించి ఒకటి కలిపినచో ఎన్ని రెట్లో తేలును. చిన్నది వేయి ఓములని స్థిరపరచి, పెద్దదాని చోట సున్న నుండి లక్ష ఓముల వరకు మారెడి వాల్యూం కంట్రోలును పెట్టిరి. మీట అడుగున నున్న ఒక్క రెట్టు, తుదకు పోయిన నూటొక్క రెట్లు. బలమైన గొంతుకు తలుపు దింపిన, దానితోపాటు బుసయు తగ్గును. ముప్పది మిల్లీవోల్టులను నూటొక్కచే గుణించినను మూడు వోల్టులే; ఎవరైన పిల్లవాడు మీటను తుదకు త్రిప్పినను అక్కయ్య గొంతు పైకప్పును తాకును గాని దానిని బ్రద్దలు కొట్టదు. సెల్‌ఫోను వంటి బలమైన ధ్వని వచ్చినచో ఒక్క రెట్టు వద్ద నుంచిన చాలును.

చిన్న రెసిస్టరునకు వెనుక నలుబది యేడు మైక్రోఫారడుల కెపాసిటరు నొకదానిని నిలుపవలెను. లేకున్న ఆ నడిమి గీతయైన నాలుగున్నర వోల్టులను కూడ చిప్పు నూరు రెట్లు పెంచబూని, పైకప్పునకు అతుకుకొని, మూగబోవును. మేము దానిని మరచి ఒక పూట పోగొట్టుకొంటిమి. మైకు వచ్చు ద్వారమున కూడ ఒక కెపాసిటరు కావలెను. పాయింటు ఒకటి మైక్రోఫారడును, దాని వెనుక లక్ష ఓములును పెట్టిన, సెకనుకు పదునారు కంపనముల లోపలివి అడ్డగింపబడును. మనుష్యుని చెవి సుమారు ఇరువది కంపనముల నుండియే వినును గనుక పాటకు లోటు లేదు.

ఇప్పుడొక యక్షరము కథ. వాల్యూం కంట్రోలు కొనుటకు మా వాడు బజారునకు పోయి తెచ్చినదాని మీద 'బి' అను ఇంగ్లీషు అక్షరమున్నది. బిగించి చూడగా, మీటను మొదట కొంచెము కదపినంతనే గొంతు ఒక్కసారిగా ఎగిరెను. ఆ తరువాత ఎంత త్రిప్పినను పెద్ద మార్పు లేదు. కారణము మన చెవియొక్క లెక్క. పదింట ఒక వంతు త్రిప్పిన పదునొకండు రెట్లు, సగము త్రిప్పిన ఏబది యొక్క రెట్లు, పూర్తిగా త్రిప్పిన నూటొక్క రెట్లు. సున్న నుండి పదింట ఒక వంతులో పదునొకండు రెట్ల మార్పు. సగము నుండి తుదివరకు రెండు రెట్ల మార్పు. చెవి కూడికను గుర్తింపదు, గుణకారమును గుర్తించును. మన స్థాయిలు అట్లే గదా! మంద్రషడ్జమునకు రెట్టింపు మధ్యషడ్జము, దానికి రెట్టింపు తారషడ్జము. చెవికి ఆ రెండు ఎడములును సమానమే. బలము విషయమునను చెవి యించుమించుగా అదే పాటించును. అందుచే మొదట మెల్లగా, పోను పోను వేగముగా పెరిగెడి కంట్రోలు కావలెను. దాని మీద 'ఏ' అను అక్షరముండును. అది బిగించిన తరువాత మీట నడుమ నున్నపుడు పదింట ఒకటి, ఒకటిన్నర వంతే కలియును. పదునొకండు మొదలు పదునారు రెట్లు. చెవికి అదియే సరియైన నడుమ. దుకాణదారు 'ఏదైతేనేం, రెండూ లక్షే' అని యన్నాడట. అంకెలో రెండును లక్షయే, త్రిప్పుటలో కాదు.

కంట్రోలునకు మూడు కాళ్లు. నడిమి కాలిని ప్రక్క కాలితో కలిపి అతుకవలెను. లేకున్న, కొన్నాళ్లకు లోపల దుమ్ము పడి నడిమి కాలు ఒక్క క్షణము వీడినచో, ఆంప్లిఫయరునకు పగ్గము తెగి, ప్రక్కింటివారు పరుగెత్తి వచ్చునట్టి చప్పుడు వచ్చును. కలిపి అతికినచో మహా యయిన నూటొక్క రెట్ల వద్ద ఆగును.

మీట యున్నంత మాత్రమున చాలునా? ఎంత త్రిప్పవలెనో తెలియుట యెట్లు? 1985లో నాకు మీటయు నుండెను, ముల్లును నుండెను. చూచి పాటించు బుద్ధి లేకుండెను. ఇప్పుడు నేను మాటాడుచున్న యీ గదికి అద్దపు గోడ కావల ఇంజనీరుగారు కూర్చున్నారు. ఆయన యెదుట వెలుగు చార యొకటి నా గొంతుతో లేచి పడుచున్నది. పూర్వము అచ్చట ముల్లు ఊగెడిది. అట్టి ముల్లునకు అమెరికా రేడియోవారు 1939లో ఒక ప్రమాణ మేర్పరచుకొనిరి. నేను ఈ వాక్యమున గొంతు పెంచితిని గనుక ఆయన చేయి మీట మీదకు పోవుట నాకు కనబడుచున్నది.

మా పెట్టెకు ముల్లు పెట్టుటకు చోటు లేదు. మూడు దీపములు పెట్టుదమంటిని. ఎందుకనగా మన గోదావరికి మూడు హెచ్చరికలున్నవి. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులైన మొదటిది, 13.75 అయిన రెండవది, 17.75 అయిన మూడవది. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినపుడు నేను కోనసీమలో కొత్తగా చేరిన ఉపాధ్యాయుడను. బడి గదులలో జనము, అరుగుల మీద పశువులు. గండ్లు పడిన తరువాత ఎవ్వరికిని హెచ్చరిక యక్కర లేదు. గట్టు నిలిచియుండగా వచ్చినదే హెచ్చరిక. మా దీపములకు అదియే నియమము పెట్టితిమి. పైకప్పు మూడు వోల్టులు గదా. ఎర్రదీపము మూడు వద్ద వెలిగిన ప్రయోజనము లేదు. ఒకటిన్నర వోల్టు వద్దనే ఎరుపు, దానిలో సగమున పసుపు, మరి సగమున పచ్చ. ఎరుపు వెలిగిన తరువాత కూడ గొంతు రెట్టింపగుటకు ఎడమున్నది. అక్షరము పెదవి దాటునప్పటి పోటు కన్ను పట్టలేనంత క్షణికమైనది కావున, వెలిగిన దీపము కొంచెముసేపు నిలుచునట్లు ఒక చిన్న కెపాసిటరు కూడ కావలసి వచ్చెను.

పెట్టె సిద్ధమైన శుక్రవారము అక్కయ్యను మా యింటికి పిలిపించితిమి. మా వాడు మైకు ఆమె యెదుట నుంచి, "ఏదైనా మాట్లాడు మామ్మా" అని, ఆమె "ఏం మాట్లాడనురా, భోంచేశావా?" అనినంతనే పసుపు వెలుగువరకు మీట త్రిప్పి, "అయిపోయింది, పాడు" అనెను. మన యూళ్లలో మైకువారు 'హలో హలో' యని మీట నిలిపి, భజన మొదలైన పిదప ఊరంతటిని అదరగొట్టుట ఇందుచేతనే. నేనడ్డుపడి, "అక్కయ్యా, అన్నిటికంటె గట్టిగా పాడే పాట ఏది?" అని యడిగితిని. ఆమె ఆలోచించి, "అప్పగింతల పాటరా తమ్ముడూ. పిల్లని పంపేటప్పుడు మెల్లగా ఎవరు పాడతారు?" అనెను.

ఆ పాట అందుకొన్నది. రెండవ చరణమున ఎర్రదీపము మూడుమారులు వెలిగెను. మా వాడు మీటను తగ్గించెను. మరల మొదటి నుండి పాడించితిమి. ఈ సారి ఎరుపు ఒక్కమారు మెరసి యూరకున్నది. కడపటి చరణమున ఆమె గొంతు ఉన్నట్టుండి సన్నగిల్లి, కూతురిని పేరుపెట్టి పిలుచు చోట దాదాపు గుసగుసగా మారెను. పచ్చదీపము కూడ ఆరిపోయినది. పెట్టెలోని శ్రుతి ఆమెతో కూడ దిగి, దిగి, గదిలోని ఫ్యాను చప్పుడునకు లోబడి, ఆమె మరల ఊపిరి తీసికొని గొంతెత్తగా తానును లేచెను. మొదటి పటము ప్రకారము కట్టియున్నచో, గట్టి గొంతులన్నియు ఒకే పైకప్పునకు తగిలి ఆ పెట్టెకు ఒక్కటే కొలతగా తోచెడివి. ముగిసిన తరువాత అక్కయ్య పెట్టెవైపు చూచి, "ఇది నా కంటె బాగా వింటోందిరా" అనెను.

దానిని మేము వెంటనే వినిపించితిమి. ఎచ్చటను చిరుగలేదు. నేను గురువుగారి టేపును తీసి ఆ ప్రక్కన వినిపింతునని యనుకొని, మానుకొంటిని.

లోపములు లేకపోలేదు. ఇంటి విద్యుత్తుతో నడిపినచో అడుగున గుంయ్యిమనెడి నాదమొకటి వినబడుచున్నది. బ్యాటరీతో నడిపిన లేదు. మైకు తీగకు కవచము గల తీగ మార్చవలెను. ఇంతవరకు పదునొకండు పాటలు ఎక్కినవి. ఇంకను ఇరువది దాకా జ్ఞాపకమున్నవి గాని కొన్నింటికి నడిమి చరణములు తోచుటలేదని అక్కయ్య చెప్పుచున్నది. తోచినంతవరకే పాడుమంటిమి. వచ్చు శుక్రవారము కొత్త బ్యాటరీ వేసి మరల కూర్చుందుము.